వెబ్ ఫారం: తప్పు పట్టడం వేరు, తప్పు చూపించడం వేరు

స్కాలర్‌షిప్ దరఖాస్తులో ‘కుటుంబ వార్షికాదాయం’ అని ఒక గడి ఉందనుకోండి. విద్యార్థి దాన్ని ఖాళీగా వదిలేశాడు. ప్రోగ్రామర్ ఆ గడిలోని విలువను జావాస్క్రిప్ట్‌లోని ‘నంబర్’ ఫంక్షన్‌కి ఇచ్చాడు. ఖాళీ స్ట్రింగ్ (అక్షరాల వరస) ఇస్తే ఆ ఫంక్షన్ ఏమీ అనదు, 0 అని తిరిగిస్తుంది. ‘ఆదాయం సున్నా లేదా అంతకన్నా ఎక్కువ ఉండాలి’ అన్న నియమం దిగ్విజయంగా పాసవుతుంది. సర్వర్ కూడా ఒప్పుకుంటుంది. ఆ కుటుంబానికి ఆదాయమే లేదని డేటాబేస్‌లో నమోదైపోతుంది. తర్వాత పరిశీలనలో ఆదాయ ధ్రువీకరణ పత్రంతో లెక్క కుదరక దరఖాస్తు తిరస్కరణకు గురైతే, నష్టపోయేది ఆ విద్యార్థి.

ఇక్కడ వ్యాలిడేషన్ (విలువ సరైనదేనా అన్న పరీక్ష) నియమంలో తప్పేమీ లేదు. యూజర్ ఏం టైపు చేశాడన్నదాన్నీ, దానికి అర్థం ఏమిటన్నదాన్నీ ఒకే చోట కలిపేయడంలో ఉంది తప్పు. ఫారాల్లో వచ్చే చిక్కుల్లో చాలా వాటిని తవ్వుకుంటూ పోతే ఇలాంటి కలగాపులగమే బయటపడుతుంది. అందుకని లైబ్రరీ ఎంచుకోవడం కంటే ముందు, ఒక గడి గురించి మనం ఏమేం గుర్తుపెట్టుకోవాలో తేల్చుకోవాలి.

ఒక గడి, నాలుగు సంగతులు

మొదటిది ముడి విలువ: తెరమీద యూజర్‌కి కనిపిస్తున్న అక్షరాలు ఉన్నవి ఉన్నట్టుగా, ఎప్పుడూ స్ట్రింగే. రెండోది దాని అర్థం: శుభ్రం చేసి, మార్చి, సర్వర్‌కి పంపే విలువ. మూడోది ఆ గడితో యూజర్ వ్యవహారం: దాన్ని ముట్టుకున్నాడా, మార్చాడా, వదిలి బయటికి వచ్చాడా. నాలుగోది సర్వర్ చెప్పిన మాట: ‘ఈ మొబైల్ నంబరుతో ఇప్పటికే దరఖాస్తు ఉంది’ లాంటిది.

ఈ నాలుగింటిలో ‘తప్పులు’ అన్నది లేదని గమనించండి. తప్పు అనేది దాచిపెట్టుకునే వస్తువు కాదు. ముడి విలువల నుంచి ఎప్పటికప్పుడు లెక్కగట్టేది. విలువలన్నీ తీసుకుని తప్పుల జాబితా తిరిగిచ్చే ఒక్క ఫంక్షన్ రాసుకుంటే చాలు. ఆ జాబితాను వేరే స్టేట్‌గా (ప్రోగ్రాం గుర్తుంచుకునే విలువగా) పెట్టుకున్నారంటే అది పాతబడుతుంది. బ్యాంకు ఖాతా నంబరు రెండుసార్లు అడిగే ఫారం చూడండి. రెండో గడి నింపగానే రెండూ సరిపోయాయని ‘తప్పు లేదు’ అని రాసుకున్నారు. యూజర్ వెనక్కి వెళ్లి మొదటి గడిలో ఒక అంకె మార్చాడు. మొదటి గడి మారినప్పుడు మొదటి గడినే పరీక్షించేలా కోడ్ ఉంది కాబట్టి రెండో గడి పక్కన పచ్చ టిక్కు అలాగే ఉండిపోతుంది. తప్పుల్ని లెక్కగట్టే పద్ధతిలో ఈ సమస్య పుట్టనే పుట్టదు. ముప్పై నలభై గడుల నియమాలను ప్రతి అక్షరానికీ మళ్లీ నడిపినా ఫోన్‌కి పెద్ద భారం కాదు. ఫారం నెమ్మదించేది తెరను మళ్లీ గీయడం వల్ల. ఆ సంగతికి తర్వాత వద్దాం.

ముడి విలువను మధ్యలో మార్చొద్దు

రియాక్ట్ అనే జావాస్క్రిప్ట్ లైబ్రరీలో కంట్రోల్డ్ ఇన్‌పుట్ (గడిలో ఏం కనిపించాలో స్టేటే నిర్ణయించే పద్ధతి) వాడుతూ స్టేట్‌లో నేరుగా సంఖ్యను పెట్టారనుకోండి. మార్కుల శాతం 78.5 అని కొట్టాలి. యూజర్ 7, 8, చుక్క కొట్టగానే ‘78.’ అన్నది సంఖ్యగా మారి 78 అవుతుంది; రియాక్ట్ ఆ 78నే గడిలో తిరిగి రాస్తుంది; చుక్క మాయం. ఎన్నిసార్లు కొట్టినా అంతే. స్టేట్‌లో స్ట్రింగ్‌నే ఉంచి, సబ్‌మిట్ దగ్గరా పరీక్ష దగ్గరా మాత్రమే సంఖ్యగా మార్చుకుంటే ఈ బాధ ఉండదు.

పాన్ నంబరును టైపు చేస్తుండగానే పెద్ద అక్షరాలుగా మార్చే కోడ్‌ది కూడా ఇదే జబ్బు. మధ్యలో ఒక అక్షరం దిద్దుదామని కర్సర్ అక్కడ పెడితే, విలువ మారిన ప్రతిసారీ కర్సర్ చివరికి గెంతుతుంది. కంటికి పెద్ద అక్షరాలు కనిపించాలంటే పేజీ రూపాన్ని నిర్ణయించే సీఎస్ఎస్‌లో టెక్స్ట్-ట్రాన్స్‌ఫార్మ్ చాలు. అసలు విలువను శుభ్రం చేసేటప్పుడు మార్చుకోవచ్చు.

ఇక సంఖ్యల్లా కనిపించే సంఖ్యలు కానివి. కూడికలూ తీసివేతలూ చేయనిది ఏదైనా స్ట్రింగే: మొబైల్ నంబరు, పిన్‌కోడ్, ఆధార్, ఖాతా నంబరు. మన బ్యాంకు ఖాతా నంబర్లు 18 అంకెల దాకా ఉంటాయి. జావాస్క్రిప్ట్ పూర్ణాంకాలను తేడా రాకుండా పట్టుకోగలిగేది 9007199254740991 వరకే. 9007199254740993 అని ఇస్తే అది నిశ్శబ్దంగా 9007199254740992 అవుతుంది. అంటే ఖాతా నంబరులో చివరి అంకె మారిపోయింది, అయినా ఏ ఎర్రరూ లేదు. ముందు సున్నాలతో మొదలయ్యే ఖాతాల్లో ఆ సున్నాలు కూడా ఎగిరిపోతాయి. కాబట్టి వీటికి ఇన్‌పుట్ టైప్ ‘నంబర్’ వాడొద్దు. ఆ టైపు గడిలో ఫోకస్ (కర్సర్) ఉండగా మౌస్ చక్రం తిప్పితే కొన్ని బ్రౌజర్లలో విలువే మారిపోతుంది. సంఖ్య కానిది కొడితే కోడ్‌కి ఖాళీ స్ట్రింగ్ అందుతుంది, యూజర్ ఏం కొట్టాడో మీకు తెలియనే తెలియదు. టైప్ ‘టెక్స్ట్’ పెట్టి, ఇన్‌పుట్‌మోడ్ ‘న్యూమరిక్’ అని ఇవ్వండి. ఫోన్‌లో అంకెల కీబోర్డు వస్తుంది, విలువ స్ట్రింగ్‌గానే ఉంటుంది.

మొబైల్ నంబరు గడికి గరిష్ఠ పొడవు 10 అని పెట్టడం అందరూ చేసే పనే. కాంటాక్ట్స్‌లోంచి కాపీ చేసిన ‘+91 98765 43210’ అందులో పేస్ట్ చేస్తే మొదటి పది క్యారెక్టర్లు మాత్రమే మిగులుతాయి: ‘+91 98765’, ఒక ఖాళీ. మిగతా అయిదంకెలూ పోయాయి. యూజర్ తప్పేమీ చేయలేదు, కానీ ‘నంబరు తప్పు’ అని ఎర్ర అక్షరాలు ఆయన్నే నిలదీస్తాయి. గడిని ఉదారంగా ఉంచండి. వచ్చినదాంట్లోంచి ఖాళీలు, హైఫన్లు తీసేయండి. +91 ఉన్నా, పది అంకెల ముందు సున్నా ఉన్నా తొలగించండి. అప్పుడు పది అంకెలు ఉన్నాయా, మొదటిది 6 నుంచి 9 లోపు ఉందా అని చూడండి. అంకెలు తప్ప మరేమీ కొట్టనివ్వకుండా, కీ నొక్కగానే వచ్చే కీడౌన్ ఈవెంట్‌లో అడ్డుకునే పాత కిటుకు ఆండ్రాయిడ్ కీబోర్డుల దగ్గర పనిచేయదు. అక్కడ చాలాసార్లు ఏ కీ నొక్కినా కీకోడ్ 229 అనే వస్తుంది.

పుట్టిన తేదీ

దీనికి విడిగా చోటివ్వాలి, ఎందుకంటే ఈ పొరపాటు భారతీయ కాలమానంలో నేరుగా తగులుతుంది. తేదీ పికర్ లైబ్రరీ 2005 ఆగస్టు 15 అనగానే స్థానిక అర్ధరాత్రికి ఒక డేట్ ఆబ్జెక్ట్ తయారుచేస్తుంది. దాన్ని ఐఎస్‌ఓ స్ట్రింగ్‌గా మార్చి పంపితే అది యూటీసీలోకి (ప్రపంచ ప్రామాణిక సమయంలోకి) మారుతుంది. మనం యూటీసీకి అయిదున్నర గంటలు ముందున్నాం కాబట్టి అది ఆగస్టు 14 సాయంత్రం 18:30 అవుతుంది. సర్వర్ మొదటి పది క్యారెక్టర్లు తీసుకుని 2005-08-14 అని రాసుకుంటుంది. పదో తరగతి మెమోతో పుట్టిన తేదీ ఒక్కరోజు తేడా.

తిరుగు దారిలోనూ ఇదే ఉంది. ‘2005-08-15’ అనే స్ట్రింగ్‌ని డేట్‌కి ఇస్తే దాన్ని యూటీసీ అర్ధరాత్రిగా తీసుకుంటుంది. హైదరాబాద్‌లో చూసేవాళ్లకి తేదీ సరిగ్గానే కనిపిస్తుంది. డాలస్‌లో ఉన్న కొడుకు ఇక్కడి తల్లిదండ్రుల కోసం అదే ఫారం తెరిస్తే 14 కనిపిస్తుంది. ఇక్కడి టెస్టింగ్‌లో ఈ రెండోది ఎన్నటికీ దొరకదు. పుట్టిన తేదీకి గంటలూ లేవు, టైమ్‌జోనూ లేదు. గడి నుంచి డేటాబేస్ దాకా సంవత్సరం-నెల-రోజు స్ట్రింగ్‌గానే నడపండి. మూడు విడి గడుల్లో తేదీ అడిగితే ఇంకో జాగ్రత్త కావాలి: ఫిబ్రవరి 30 అని ఇస్తే డేట్ ఆబ్జెక్ట్ ఒప్పుకుని మార్చి 2కి జరిపేస్తుంది (లీపు సంవత్సరమైతే మార్చి 1). తయారైన తేదీలోని రోజు, నెల మనం ఇచ్చినవేనా అని తిరిగి పోల్చి చూడాలి.

తెలుగు పేరు రాస్తే ఏమవుతుంది

తెలుగులో పేరు అడిగే ఫారాలు పెరుగుతున్నాయి. వాటి వెనక ఉన్న నియమాలు మాత్రం చాలాసార్లు ఇంగ్లీషు పేర్ల కోసం రాసినవే.

‘శ్రీనివాస్’ అన్న పేరు కంటికి నాలుగు అక్షరాలు. కంప్యూటర్ లెక్కలో శ, పొల్లు, ర, ఈత్వం, న, గుడి, వ, దీర్ఘం, స, పొల్లు, అంటే పది. యూటీఎఫ్-8లో (అక్షరాల్ని బైట్లుగా దాచే పద్ధతిలో) ఒక్కోటీ మూడు బైట్లు, మొత్తం 30. ఇప్పుడు ‘వెంకటసత్యనారాయణమూర్తి’ చూడండి. కంటికి పదకొండు, యూనికోడ్ లెక్కలో ఇరవై ఒకటి. పేరు గడికి గరిష్ఠ పొడవు 20 అని పెడితే చివరి గుడి పట్టదు. మూర్తి కాస్తా ‘మూర్త’ అయిపోతుంది. పేరు తప్పుపడిందని ఎవరూ చెప్పరు, పత్రం చేతికి వచ్చాకే తెలుస్తుంది. డేటాబేస్‌లో ఇంకో మెట్టు ఉంది. పోస్ట్‌గ్రెస్, మైఎస్‌క్యూఎల్‌లలో కాలమ్ పొడవు క్యారెక్టర్లలో లెక్క. ఒరాకిల్‌లో మామూలు సెట్టింగు బైట్లలో; అక్కడ 50 అని పెట్టిన కాలమ్‌లో తెలుగు క్యారెక్టర్లు 16కి మించి పట్టవు. పేరు గడికి కనీసం 100 క్యారెక్టర్లు ఇవ్వడం, కాలమ్‌ని బైట్లలో కాక క్యారెక్టర్లలో కొలవడం క్షేమం.

పేరులో అక్షరాలే ఉండాలి అనే నియమం రాసేటప్పుడు ఏ నుంచి జెడ్ దాకా అని రాస్తే తెలుగు పూర్తిగా పోతుంది. సరే అని యూనికోడ్ ‘లెటర్’ వర్గం పెడతారు. అప్పుడూ ‘రాము’ ఫెయిలవుతాడు. దీర్ఘం, కొమ్ము, పొల్లు ఇవన్నీ ‘మార్క్’ వర్గంలోవి కాబట్టి ఆ వర్గాన్నీ కలపాలి. అయినా ‘రామ్‌కుమార్’ ఆగిపోతాడు. పొల్లు తర్వాత క కిందికి దిగకుండా ఉండేందుకు మధ్యలో కంటికి కనిపించని జీరో విడ్త్ నాన్-జాయినర్ ఉంటుంది, అది లెటరూ కాదు, మార్కూ కాదు. దాని కోడ్ 200సీ; దాన్నీ అనుమతించాలి. ఇంకా ఇనిషియల్ తర్వాత చుక్క, రెండు పేర్ల మధ్య ఖాళీ, అపాస్ట్రఫీ. ఇన్ని చెప్పాక మా అభిప్రాయం ఇది: పేరుకు ప్యాటర్న్ పెట్టకండి. కంట్రోల్ క్యారెక్టర్లు తీసేసి, చివరి ఖాళీలు కత్తిరించి, ఎన్‌ఎఫ్‌సీ (ఒకే అక్షరానికి ఒకే కోడ్ వరస ఉండే యూనికోడ్) రూపంలోకి మార్చి ఉంచుకోండి. ఎన్‌ఎఫ్‌సీ ఎందుకంటే ఐత్వం గుర్తును ఒకే కోడ్‌గానూ, ఎత్వం, దాని కింద వేరే గుర్తు కలిపి రెండు కోడ్‌లుగానూ రాయవచ్చు. తెరమీద రెండూ ఒకటే, పోల్చినప్పుడు వేరు. ‘శైలజ’ని వెతికితే శైలజ దొరక్కపోవడం ఇందువల్ల కావచ్చు.

‘లాస్ట్ నేమ్ కనీసం రెండక్షరాలు ఉండాలి’ అన్న నియమం మనవాళ్లను ఏళ్లుగా ఇబ్బందిపెడుతోంది. ఇంటిపేరును ముందు ఒక్క ఇనిషియల్‌గా రాసుకునే వాళ్లు ఎందరో. పూర్తి పేరు ఒకే గడిలో, ధ్రువపత్రంలో ఉన్నట్టే రాయమని అడగడం అన్నిటికన్నా మేలు.

అంకెల సంగతి కూడా ఇక్కడే. తెలుగు కీబోర్డులో ౯౮౭౬౫ అని కొట్టే అవకాశం ఉంది. జావాస్క్రిప్ట్ రెగెక్స్‌లో (అక్షరాల నమూనాలో) ‘డిజిట్’ అంటే 0 నుంచి 9 మాత్రమే. పైథాన్‌లో స్ట్రింగ్ మీద అదే గుర్తు యూనికోడ్ అంకెలన్నిటినీ ఒప్పుకుంటుంది. తెలుగు అంకెల్ని పూర్ణాంకంగా కూడా మారుస్తుంది. ముందువైపు తిరస్కరించేదాన్ని వెనకవైపు స్వీకరిస్తుందన్నమాట. ఫారం లేకుండా నేరుగా ఏపీఐకి (ప్రోగ్రాములు సర్వర్‌తో మాట్లాడే ద్వారానికి) వచ్చిన దరఖాస్తులో మొబైల్ నంబరు తెలుగు అంకెల్లో నిలిచిపోయి, డూప్లికేట్ పరీక్షకు దొరక్కుండా పోతుంది. రెండు చోట్లా మొదట తెలుగు అంకెల్ని మామూలు అంకెలుగా మార్చి, అప్పుడు పరీక్షించాలి.

వ్యూ అనే లైబ్రరీలో గడినీ స్టేట్‌నీ ముడిపెట్టే వీ-మోడల్ వాడేవాళ్లకి ఒక మాట. కీబోర్డు అక్షరాన్ని కూర్చుతున్నంతసేపూ (కంపోజిషన్ దశలో) వీ-మోడల్ విలువను మార్చదు. ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టి తెలుగు తెప్పించుకునే కీబోర్డుల్లో ఈ దశ తరచుగా ఉంటుంది. గడిలో పేరు కనిపిస్తున్నా స్టేట్ ఖాళీగా ఉండొచ్చు. కొట్టేకొద్దీ స్పందించాల్సిన చోట ఇన్‌పుట్ ఈవెంట్‌ని నేరుగా వినాలి.

ఎప్పుడు చెప్పాలి

తప్పు ఉందా అన్నది ఎప్పుడూ లెక్కగడుతూనే ఉంటాం. అది యూజర్‌కి ఇప్పుడే చెప్పాలా అన్నది పూర్తిగా వేరే ప్రశ్న, దానికి ఆధారం మూడో సంగతి: ఆయన ఆ గడితో ఏం చేశాడు.

మొబైల్ నంబరులో మొదటి అంకె కొట్టగానే ‘10 అంకెలు ఉండాలి’ అని అరిచే ఫారం, మాట పూర్తి కానివ్వకుండా అడ్డుపడే మనిషిలాంటిది. సబ్‌మిట్ దాకా ఏమీ చెప్పకుండా ఊరుకుని ఒకేసారి పద్నాలుగు తప్పులు చూపించేది ఇంకో చివర. మధ్యేమార్గం బాగా నలిగినదే: గడి వదిలి బయటికి వచ్చినప్పుడు మొదటిసారి చెప్పడం, ఒకసారి చెప్పాక మాత్రం ప్రతి అక్షరానికీ మళ్లీ చూసి, దిద్దుకున్న మరుక్షణమే ఆ తప్పు తీసేయడం. రియాక్ట్ హుక్ ఫారం అనే లైబ్రరీలో ‘ఆన్‌టచ్‌డ్’ మోడ్ ఇదే చేస్తుంది. దాని డిఫాల్ట్ మాత్రం సబ్‌మిట్ దగ్గర మొదటి పరీక్ష, ఆ తర్వాత ప్రతి మార్పుకీ. సీఎస్ఎస్‌లో ‘ఇన్‌వ్యాలిడ్’ సెలెక్టర్ పేజీ తెరవగానే ఖాళీగా ఉన్న తప్పనిసరి గడులన్నిటినీ ఎర్రగా చేస్తుంది. దానికి బదులు ‘యూజర్-ఇన్‌వ్యాలిడ్’ వాడండి. 2023 చివరికల్లా ప్రధాన బ్రౌజర్లన్నిటిలోకీ వచ్చేసింది, యూజర్ ముట్టుకునేదాకా ఆగుతుంది.

‘తప్పనిసరి’ అన్న తప్పును మాత్రం సబ్‌మిట్ దాకా దాచడమే మంచిదని మా ఉద్దేశం. ట్యాబ్ కొట్టుకుంటూ ఫారం మొత్తం ఒకసారి చూసుకునేవాళ్లుంటారు. పాస్‌బుక్ వెతుక్కోవడానికి లేచి తర్వాత నింపుదామనుకునేవాళ్లుంటారు. ఖాళీగా దాటడం వాళ్ల తప్పు కాదు.

బ్లర్ (గడి నుంచి ఫోకస్ పోవడం) దగ్గర తప్పు చూపించడంలో దొరకని బగ్ ఒకటి దాక్కుని ఉంటుంది. యూజర్ చివరి గడిలో ఉన్నాడు, అందులో తప్పుంది. సబ్‌మిట్ బటన్ మీద మౌస్ నొక్కాడు. నొక్కిన క్షణంలో గడికి ఫోకస్ పోయింది, బ్లర్ జరిగింది, కింద ఎర్ర వాక్యం వచ్చి చేరింది, బటన్ ఒక వరస కిందికి జరిగింది. వేలు ఎత్తేసరికి మౌస్ కింద బటన్ లేదు. బ్రౌజర్ దృష్టిలో క్లిక్కే జరగలేదు. ‘ఒక్కోసారి బటన్ రెండుసార్లు నొక్కాలి’ అనే ఫిర్యాదు వస్తే మొదట అనుమానించాల్సింది దీన్నే. ప్రతి గడి కిందా ఒక వరస చోటు ముందే కేటాయిస్తే బటన్ కదలదు.

ఫారం సరిగ్గా ఉండేదాకా సబ్‌మిట్ బటన్‌ని డిజేబుల్ చేయడం చూడ్డానికి పద్ధతిగా ఉంటుంది. బూడిదరంగు బటన్ ముందు కూర్చున్న మనిషికి ఏ గడి దగ్గర ఆగిందో తెలియదు, అడిగే దారీ లేదు. బటన్ ఎప్పుడూ నొక్కగలిగేలా ఉంచండి. నొక్కినప్పుడు అన్ని గడుల్నీ ముట్టుకున్నట్టు గుర్తించి, తప్పులన్నీ చూపించి, మొదటి తప్పు గడికి ఫోకస్ తీసుకెళ్లండి.

ఏమని చెప్పాలి

బ్రౌజర్ సొంత సందేశాలు పేజీ భాషలో రావు. బ్రౌజర్ ఏ భాషలో ఉంటే ఆ భాషలో వస్తాయి. పేజీ మొత్తం తెలుగులో ఉన్నా తప్పు మాత్రం ఇంగ్లీషు బుడగలో తేలుతుంది. ఫారం మీద ‘నోవ్యాలిడేట్’ పెట్టి, బ్రౌజర్ పరీక్షను ఆపి, సందేశాలు మీరే రాయడం ఒక దారి. మీ సందేశాన్ని బ్రౌజర్‌కే ఇచ్చే ‘సెట్‌కస్టమ్‌వ్యాలిడిటీ’ ఇంకొకటి, అయితే దిద్దాక అక్కడ ఖాళీ స్ట్రింగ్ ఇవ్వడం మరిచిపోతే ఆ గడి ఎప్పటికీ తప్పుగానే ఉండిపోతుంది, ఫారం వెళ్లదు.

‘చెల్లని ఐఎఫ్‌ఎస్‌సీ’ అంటే ఎవరికీ ఏమీ తెలియదు. ఆ కోడ్‌లో 11 క్యారెక్టర్లు: మొదటి నాలుగు బ్యాంకు అక్షరాలు, అయిదోది ఎప్పుడూ సున్నా, చివరి ఆరు బ్రాంచివి. పాస్‌బుక్ మీద ముద్ర చూసి సున్నాకి బదులు ‘ఓ’ అక్షరం కొట్టడం అందరికీ జరిగేదే. కోడ్‌కి ఆ సంగతి తెలుసు కాబట్టి ‘అయిదో స్థానంలో ఓ అక్షరం ఉంది, అక్కడ సున్నా ఉండాలి’ అని చెప్పవచ్చు. మొబైల్‌కి ‘9 అంకెలే ఉన్నాయి, 10 కావాలి’. ఆధార్‌లో 12వ అంకె వెర్హాఫ్ పద్ధతిలో మిగతా పదకొండు నుంచి లెక్కగట్టినది; ఒక్క అంకె తప్పుపడినా, పక్కపక్క అంకెలు రెండు తారుమారైనా అది పట్టేస్తుంది. అప్పుడు ‘ఒక అంకె తప్పు పడినట్టుంది, కార్డుతో సరిచూసుకోండి’ అనాలి. లెక్క కుదిరినంత మాత్రాన ఆ నంబరు నిజంగా ఎవరికైనా ఉందని కాదు. టైపింగ్ పొరపాటు లేదని మాత్రమే.

సందేశాన్ని గడికి ‘ఏరియా-డిస్క్రైబ్డ్‌బై’తో ముడిపెట్టి, ‘ఏరియా-ఇన్‌వ్యాలిడ్’ పెట్టకపోతే, తెరను చదివి వినిపించే స్క్రీన్ రీడర్ వాడే వ్యక్తికి ఆ తప్పు లేనట్టే. ఎర్ర రంగు ఒక్కటే ఆధారం కాకూడదు. వెబ్ యాక్సెసిబిలిటీ మార్గదర్శకాలు 2.2 (2023 అక్టోబర్) చట్టపరమైన, ఆర్థిక లావాదేవీల ఫారాలకు ఇంకో మాట అడుగుతాయి: వెనక్కి తీసుకునే వీలో, దిద్దుకునే వీలో, పంపేముందు సరిచూసుకునే వీలో, వీటిలో ఒకటైనా ఉండాలి.

ఒకదాన్ని బట్టి ఒకటి

జిల్లా ఎంచుకుంటే మండలాల జాబితా వస్తుంది. నల్గొండ, మిర్యాలగూడ ఎంచుకున్నాక జిల్లాని ఖమ్మంగా మార్చారు. మండలం విలువను ఆ క్షణమే ఖాళీ చేయకపోతే తెరమీద డ్రాప్‌డౌన్ ఖాళీగా కనిపిస్తూనే స్టేట్‌లో మిర్యాలగూడ ఉండిపోతుంది. నెట్ నెమ్మదిగా ఉంటే మరో చిక్కు: నల్గొండ మండలాల కోసం పంపిన పాత అభ్యర్థన, ఖమ్మం జాబితా వచ్చాక తాపీగా వచ్చి దాన్ని చెరిపేస్తుంది. జిల్లా మారగానే పాత అభ్యర్థనను అబార్ట్‌కంట్రోలర్‌తో రద్దు చేయాలి.

‘దివ్యాంగులా?’ అన్నదానికి అవును అంటే కనిపించే ధ్రువపత్రం నంబరు గడి లాంటివి ఇంకో రకం. దాన్ని సీఎస్ఎస్‌తో దాచి ‘తప్పనిసరి’ గుర్తు తీయడం మరిచిపోతే, బటన్ నొక్కినా ఏమీ జరగదు. ఆ గడికి ఫోకస్ ఇవ్వలేకపోతున్నానని క్రోమ్ కన్సోల్‌లో మాత్రం రాస్తుంది. యూజర్ కన్సోల్ చూడడు కదా. దాచేటప్పుడు గడిని డిజేబుల్ చేస్తే పరీక్షా ఉండదు, విలువా వెళ్లదు. రీడ్‌ఓన్లీకి మాత్రం పరీక్ష ఉండదు గానీ విలువ వెళుతుంది. ఈ తేడా గుర్తుంచుకోండి. దాచిన గడి విలువను స్టేట్‌లో ఉంచేయడం మంచిదే, పొరపాటున ‘కాదు’ నొక్కి వెనక్కి వస్తే మళ్లీ కొట్టనక్కర్లేదు. పంపేటప్పుడు మాత్రం వదిలేయాలి.

చివరి మాట సర్వర్‌దే

బ్రౌజర్‌లో చేసే పరీక్ష యూజర్‌కి సాయం, అంతే. ఎవరైనా దాన్ని దాటి నేరుగా ఏపీఐని పిలవగలరు. నియమాలన్నీ సర్వర్‌లో మళ్లీ నడవాలి. రెండు వైపులా జావాస్క్రిప్టే అయితే జోడ్ లాంటి లైబ్రరీతో స్కీమాను (నియమాల పట్టికను) ఒకే ఫైల్లో రాసి పంచుకోవచ్చు. అందులోనూ గుంటలున్నాయి: జోడ్‌లో స్ట్రింగ్ అంటే ఖాళీ స్ట్రింగ్ కూడా పాసే, కనీస పొడవు 1 అని విడిగా చెప్పాలి, సంఖ్యగా మార్చే దాని ‘కోయెర్స్’ ఖాళీని 0 చేస్తుంది, మొదట్లో చూసిన ఆదాయం కథే.

‘ఈ మొబైల్ ఇప్పటికే ఉందా’ అని కొట్టేకొద్దీ అడగాలంటే 300 నుంచి 500 మిల్లీసెకన్లు ఆగి అడగండి. ఆ జవాబును తీర్పుగా మాత్రం తీసుకోవద్దు. ఇద్దరు ఒకేసారి అడిగితే ఇద్దరికీ ‘లేదు’ అనే వస్తుంది. నిజంగా ఆపేది డేటాబేస్‌లోని యునీక్ నిబంధన (ఒకే విలువ రెండుసార్లు రాకూడదన్నది) ఒక్కటే. అది విసిరిన ఎర్రర్‌ని గడి పేరుతో సహా తిప్పి పంపాలి.

సర్వర్ తప్పు ఎప్పుడు తొలగించాలి అన్న దగ్గర చాలా కోడ్ చిక్కుపడుతుంది. తేలికైన పద్ధతి ఒకటుంది: సర్వర్ చెప్పిన తప్పుతో పాటు ఏ విలువను తిరస్కరించిందో కూడా దాచుకోండి. గడిలో ఇప్పుడున్న విలువ అదే అయితే తప్పు చూపించండి, కాకపోతే వద్దు. మార్చి మళ్లీ పాత నంబరే కొడితే తప్పు దానంతటదే తిరిగి వస్తుంది.

రెండుసార్లు సబ్‌మిట్ కావడాన్ని బటన్ ఆపేయడంతో అడ్డుకోలేం. అభ్యర్థన సర్వర్‌కి చేరి, జవాబు దారిలో పోయి, యూజర్ మళ్లీ నొక్కితే? ఫారం తెరిచినప్పుడే ఒక ప్రత్యేక తాళం నంబరు తయారుచేసి, ఎన్నిసార్లు పంపినా అదే పంపండి. ఆ నంబరు ముందే చూసి ఉంటే సర్వర్ కొత్త దరఖాస్తు సృష్టించకుండా పాత జవాబే ఇవ్వాలి. ఫీజు కట్టే ఫారాల్లో ఇది లేకుండా బయటికి వదలకండి.

లైబ్రరీ ఎప్పుడు

అయిదారు గడులకు బ్రౌజర్ ఇచ్చే ఫారండేటా చాలు. అరవై గడుల ఫారంలో ప్రతి అక్షరానికీ మొత్తం తెర మళ్లీ గీస్తే చవక ఫోన్‌లో అక్షరాలు వెనకబడి కనిపిస్తాయి. అక్కడ గడి విలువను బ్రౌజర్ దగ్గరే ఉంచి రెఫ్‌తో (గడిని నేరుగా చూపే గుర్తుతో) చదివే రియాక్ట్ హుక్ ఫారం పనికొస్తుంది. ప్రతి గడికీ మొదటి విలువ తప్పకుండా ఇవ్వండి, ఖాళీ అయితే ఖాళీ స్ట్రింగ్. నిర్వచించని విలువతో మొదలుపెడితే అన్‌కంట్రోల్డ్ (విలువ బ్రౌజర్ దగ్గరే ఉండేది) నుంచి కంట్రోల్డ్‌కి మారిందనే హెచ్చరిక వస్తుంది. రియాక్ట్ 19లో ఫారం యాక్షన్ (సబ్‌మిట్ చేస్తే నడిచే ఫంక్షన్) ముగిశాక అన్‌కంట్రోల్డ్ గడులు రీసెట్ అవుతాయి. తప్పుల జాబితాను మామూలు జవాబుగా తిప్పి పంపినా అది ముగిసినట్టే లెక్క, కొట్టినదంతా తుడిచిపెట్టుకుపోతుంది. యూజర్ పంపిన విలువల్ని తప్పులతో పాటు తిప్పి పంపి, డిఫాల్ట్ విలువలుగా పెట్టాలి. యాంగ్యులర్ అనే ఫ్రేమ్‌వర్క్‌లో రియాక్టివ్ ఫారాలు టచ్‌డ్, డర్టీ, పెండింగ్ స్థితుల్ని తామే చూసుకుంటాయి. పెండింగ్‌లో (సర్వర్ జవాబు కోసం ఆగి) ఉండగా ఫారం వ్యాలిడ్ కాదు, ఇన్‌వ్యాలిడ్ కూడా కాదు. సబ్‌మిట్ కోడ్‌లో ‘ఇన్‌వ్యాలిడ్ అయితే ఆపు’ అని మాత్రమే రాస్తే సర్వర్ జవాబు రాకముందే ఫారం వెళ్లిపోతుంది.

డ్రాఫ్ట్ దాచడం

పెద్ద ఫారానికి డ్రాఫ్ట్ ఉండి తీరాలి. కరెంటు పోయినా, ఫోన్ బ్రౌజర్‌ని మూసేసినా కొట్టినది పోకూడదు. బ్రౌజర్‌లోని లోకల్‌స్టోరేజ్‌లో పెట్టేయడం సులువే. కానీ మన దగ్గర ఎన్నో దరఖాస్తులు నెట్ సెంటర్ల కంప్యూటర్ల మీద, ఒకరి తర్వాత ఒకరికి నింపుతారు. ఉదయం వచ్చిన విద్యార్థి ఆధార్, ఖాతా నంబరు మధ్యాహ్నం వచ్చిన విద్యార్థి ఫారంలో ప్రత్యక్షమవుతాయి. ఆపరేటర్ గమనించకపోతే డబ్బు వేరేవాళ్ల ఖాతాలో పడుతుంది. డ్రాఫ్ట్‌ని లాగిన్ అయిన దరఖాస్తుదారు పేరు మీద సర్వర్‌లో ఉంచడం సరైన పని. అది కుదరకపోతే ట్యాబ్‌తో పాటే పోయే సెషన్‌స్టోరేజ్ వాడి, ఆధార్, ఖాతా నంబరు గడుల్ని డ్రాఫ్ట్‌లోంచి మినహాయించండి. డ్రాఫ్ట్ దొరికితే చడీచప్పుడు లేకుండా నింపేయకుండా, ఎవరి పేరుతో, ఎన్ని గంటలకు దాచినదో చూపించి ‘ఇది మీదేనా?’ అని అడగండి. తుడిచేయాల్సింది సబ్‌మిట్ నొక్కినప్పుడు కాదు, దరఖాస్తు నంబరు సర్వర్ నుంచి తిరిగి వచ్చాకే.